చీటీలో పట్టని జాగ్రత్తలు

తార్నాక చౌరస్తా చుట్టుపక్కల ప్రాక్టీసు పెట్టిన ఏ డాక్టరుకైనా డాక్సీసైక్లిన్ రాయకుండా వారం గడవదు. మొటిమలకు అదే. లెప్టోస్పైరోసిస్‌కు అదే. కొన్ని సుఖవ్యాధులకూ, కొన్ని రకాల న్యుమోనియాకూ అదే. మలేరియా ఎక్కువున్న ప్రాంతాలకు ఫీల్డు వర్కు మీద వెళ్ళే పరిశోధక విద్యార్థికి ముందుజాగ్రత్తగా ఇచ్చేదీ అదే. పాత మందు, చవక మందు. ఉస్మానియా హాస్టళ్ళలో దాన్ని ‘డాక్సీ’ అని చనువుగా పిలుస్తారు. నా తగాదా ఆ చనువుతోనే. ఈ మందుతో ఇబ్బంది పడి నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది దాన్ని మింగాల్సిన తీరులో మింగనివాళ్ళు. దీనితో ప్రాణం దక్కినవాళ్ళకు మందు ఎంత పనిచేసిందో, అది వేళకు మొదలవడమూ అంతే పనిచేసింది. ఈ రెండు సంగతులూ మందుల చీటీ మీద నేను రాసే ఒక్క గీతలో పట్టవు.

(రోగుల ఆనవాళ్ళు మార్చాను. జబ్బుల సంగతి మార్చలేదు.)

గ్రూప్స్‌కు చదువుతున్న అమ్మాయి ఒకతె పొద్దున్నే స్నేహితురాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. రాత్రి ఛాతీలో నొప్పి వస్తే ఎక్కడో ఈసీజీ తీయించుకున్నారు, అది బాగానే ఉంది. గ్యాస్ అని ఇంజెక్షన్ చేసి పంపించారట. “గ్యాస్ కాదు సార్, ఉమ్మి మింగాలన్నా పాణం పోతుంది,” అంది. నొప్పి ఎక్కడని అడిగితే రొమ్ము ఎముక మధ్యలో ఒక్కచోట వేలు పెట్టి చూపించింది. గుండెనొప్పి వచ్చినవాళ్ళు సాధారణంగా వేలు పెట్టరు, అరచెయ్యి మొత్తం ఛాతీ మీద పరుస్తారు. ఏమైనా మందులు వాడుతున్నావా అమ్మా అంటే, ఏం లేవంది. పక్కనున్న అమ్మాయి ఊరుకోలేదు: “మొటిమల గోళీ ఏస్కుంటవ్ కదనే!”

మొటిమల గోళీ ఆమె లెక్కలో మందు కాదు. ఇది ఆమె ఒక్కతె లెక్కే కాదు. అందుకే ‘మందులు వాడుతున్నారా’ అని అడిగాక ‘ముఖానికి, జుట్టుకు, బరువుకు, నిద్రకు ఏమైనా?’ అని విడివిడిగా అడగడం నేర్చుకున్నాను.

ఎట్లా వేసుకున్నావంటే చెప్పింది. “రెండింటిదాంక చదివిన సార్. బాటిల్ల నీళ్ళు అయిపోయినయ్. కిందికి పోబుద్ధి కాలే. అట్లనే మింగి పన్న.”

జరిగింది ఇదీ. క్యాప్సూల్ పైతొడుగు జెలటిన్. తడి చాలకపోతే అది అన్నవాహిక గోడకు అతుక్కుంటుంది. ఛాతీ మధ్యలో బృహద్ధమని వంపు తిరిగేచోట అన్నవాహిక కాస్త నొక్కుకుని ఉంటుంది, చాలాసార్లు అక్కడే ఆగుతుంది. మనిషి పడుకుంటే అది కిందికి జారడానికి భూమ్యాకర్షణ సాయం ఉండదు. నిద్రలో లాలాజలం ఊరదు, గుటకలూ పడవు. క్యాప్సూల్ అక్కడే విచ్చుకుంటుంది. మన దగ్గర ఎక్కువగా దొరికే డాక్సీసైక్లిన్ హైక్లేట్ కాసిని నీళ్ళలో కరిగితే గట్టి ఆమ్లమే. లోపలి పొర అక్కడికక్కడ కాలి పుండు పడుతుంది. క్యాప్సూల్ వేసుకున్న కొన్ని గంటల్లోనో మర్నాడో హఠాత్తుగా ఇట్లా గుటక పడకపోతే, ఆ వయసు పిల్లల్లో నేను మొదట అడిగేది గోళీ గురించే.

మందు ఆపించి, యాసిడ్ తగ్గించే మాత్ర, పుండు మీద పూతలా పనిచేసే సుక్రాల్ఫేట్ సిరప్ ఇచ్చాను. చల్లార్చిన జావ, పెరుగన్నం, మిరపకాయకు సెలవు. వారం తిరక్కుండానే మెస్‌లో పచ్చడి తినొచ్చా అని ఫోను. ఇట్లాంటివాళ్ళలో చాలామందికి ఎండోస్కోపీ అక్కర్లేదు. రక్తం వాంతి అయినా, మలం నల్లగా వచ్చినా, నీళ్ళు కూడా దిగకపోయినా, వారం దాటినా తగ్గకపోయినా మాత్రం చేయించాల్సిందే.

డాక్సీ నిండు గ్లాసు నీళ్ళతో వేసుకోవాలి. ఏదైనా తిన్నాక వేసుకోవాలి, లేకపోతే చాలామందికి కడుపులో తిప్పుతుంది. వేసుకున్నాక కనీసం అరగంట కూర్చోవాలి, లేదా నడవాలి. ఈ మాట చెప్పి ఊరుకుంటే హాస్టల్లో జరగదని నాకు తెలుసు. అందుకని ఒక్కపూట వేసుకునేవాళ్ళకు ‘రాత్రి’ అని రాయడమే మానేశాను. ‘పొద్దున టిఫిన్ అయ్యాక’ అని రాస్తాను. టిఫిన్ తిని క్లాసుకో లైబ్రరీకో నడిచి పోతారు. అరగంట నడక ఎవరూ చెప్పకుండానే అయిపోతుంది.

కడుపులో మంట పుట్టకుండా పాలతో వేసుకోమని ఇంట్లో పెద్దవాళ్ళు చెబుతారు. వెనకటి టెట్రాసైక్లిన్‌కు పాలు పగే. పాలలోని కాల్షియం మందును పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వదు. డాక్సీకి ఆ నష్టం తక్కువ కానీ, లేదని కాదు. అసలు శత్రువు ఇనుము. జామై ఉస్మానియాలోని జాతీయ పోషకాహార సంస్థ రక్తహీనత మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. ఆ సంస్థకు కూతవేటు దూరంలో నేను చూసే ఆడపిల్లల్లో ఐరన్ మాత్రలు వేసుకోవలసినవాళ్ళు ఎంతోమంది. ఐరన్, డాక్సీ ఒకే గుక్కలో మింగితే రెండూ కడుపులో ముడిపడి, మందులో పెద్ద భాగం బయటికి పోతుంది. వారం రోజుల కోర్సు అయితే ఆ వారం ఐరన్ ఆపేయమంటాను. కడుపుమంటకు తాగే తెల్లటి యాంటాసిడ్ సిరప్‌లకూ ఇదే వర్తిస్తుంది, కనీసం రెండుమూడు గంటల ఎడం ఉండాలి.

ఇక రెండో సంగతి, వేళకు మొదలుపెట్టడం.

ఎం.ఏ. చదివే కుర్రాడు. దసరాకు ఊరికి పోయి, నాన్నతో పాటు పత్తి చేనులో పనిచేసి, మధ్యాహ్నాలు గట్టు మీద గడ్డిలో నడుం వాల్చి వచ్చాడు. వచ్చిన కొన్నాళ్ళకు జ్వరం. నా దగ్గరికి వచ్చేటప్పటికి ఆరో రోజు, నూటమూడు. డెంగీ పరీక్ష నెగెటివ్. వైడాల్ పాజిటివ్ అని ఎవరో టైఫాయిడ్ కింద నాలుగు రోజులు సెఫ్ట్రయాక్సోన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. (ఒక్క వైడాల్ పరీక్షను నమ్మి టైఫాయిడ్ అనేసే అలవాటు మా వృత్తిని ఎప్పుడు వదులుతుందో!) ప్లేట్‌లెట్లు ఎనభై వేలు. లివర్ ఎంజైములు పెరిగాయి, పొడిదగ్గు మొదలైంది. ఊరి నుంచి వచ్చిన తండ్రి బెంగపడిపోయి ఉన్నాడు. “సారూ, ప్లేట్‌లెట్లు పడిపోతున్నయంట. బొప్పాయాకు రసం తాపుతున్నం.”

బట్టలు విప్పమంటే కుర్రాడు తండ్రి ముందు సిగ్గుపడ్డాడు. తండ్రిని కాసేపు బయట కూర్చోమన్నాను. గజ్జ ముడతలో, లోదుస్తుల అంచు కింద, సిగరెట్టు ఆర్పినట్టు నల్లటి చెక్కు, చుట్టూ ఎర్రటి అంచు. పక్కనే బిళ్ళ కట్టింది. దాని గురించి కుర్రాడికి తెలియనే తెలియదు. దానికి నొప్పి ఉండదు, దురద ఉండదు. ఎవరూ చూసుకోని చోటే ఉంటుంది: గజ్జల్లో, చంకల్లో, రొమ్ముల కింద, బొడ్డు దగ్గర, చెవి వెనక.

అది స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లి జాతి పురుగు పిల్ల కుట్టినచోట ఆ మచ్చ పడుతుంది. పురుగు నుంచి ఒంట్లోకి దిగే బ్యాక్టీరియా పేరు ఓరియన్షియా సుత్సుగముషి. అది మన కణాల లోపల దాక్కుని పెరుగుతుంది. సెఫ్ట్రయాక్సోన్ లాంటివి బ్యాక్టీరియా గోడ మీద దెబ్బ కొట్టే మందులు, ఈ జబ్బులో వాటికి పని లేదు. కణంలోకి చొరబడి, బ్యాక్టీరియా ప్రొటీన్లు తయారుచేసుకోకుండా ఆపే డాక్సీకే ఇక్కడ పని. వంద మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు రాసి, రక్తం ఐజీఎం ఎలైజా పరీక్షకు పంపించాను. రెండో రోజు సాయంత్రానికి జ్వరం దిగింది. రిపోర్టు వచ్చేసరికి కుర్రాడు బిర్యానీ గురించి అడుగుతున్నాడు.

రిపోర్టు కోసం ఆగకూడదన్నదే ఇందులో నాకు ముఖ్యమైన సంగతి. జ్వరం వచ్చిన తొలి రోజుల్లో ఆ పరీక్ష నెగెటివ్ రావచ్చు. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దాకా పాకుతుంది. మచ్చ కనబడలేదని జబ్బు లేదనీ అనుకోకూడదు, చాలామందిలో మచ్చే ఉండదు. అట్లాగని ప్రతి జ్వరానికీ డాక్సీ ఇవ్వమని కాదు. వానలు తగ్గాక వచ్చి, ఐదు రోజులు దాటిన జ్వరానికి, చేనూ చెలకా తిరిగొచ్చిన మనిషికి, ఒళ్ళంతా వెతికి చూశాక ఇచ్చే మందు అది. జబ్బు ముదిరి ఆస్పత్రిలో చేరినవాళ్ళకు రక్తనాళం ద్వారా డాక్సీ, అజిత్రోమైసిన్ రెండూ కలిపి ఇస్తే ఏ ఒక్కటో ఇచ్చినదానికన్నా మేలని వెల్లూరు సీఎంసీ వైద్యుల నాయకత్వంలో జరిగిన భారతీయ పరిశోధన 2023లో తేల్చింది. గర్భిణికి ఈ జబ్బులో అజిత్రోమైసిన్ ఇస్తాం.

ఈ మందు వంశం మూలపురుషుడి వెనక ఒక తెలుగువాడున్నాడని క్యాంపస్ పిల్లలకు చెబితే కళ్ళు పెద్దవి చేస్తారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు సారథ్యం వహిస్తుండగా, అక్కడ బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ విశ్వవిద్యాలయపు వ్యవసాయ క్షేత్రం నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. దానినుంచి 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్లలో అదే మొదటిది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. డాక్సీ 1967లో అమెరికా మార్కెట్టుకు వచ్చింది.

ఎండ సంగతి చెప్పాలి. కానిస్టేబుల్ ఈవెంట్లకు తయారయ్యే పిల్లలు క్యాంపస్‌లో పరుగులు తీస్తుంటారు. వాళ్ళలో ఒకడు మే నెలలో చేతుల వెనక, మెడ మీద, ముక్కు మీద బొబ్బలెక్కి వచ్చాడు. బనియన్ కింద చర్మం మామూలుగా ఉంది, గీత గీసినట్టు తేడా. మొటిమలకు డాక్సీ వాడుతున్నాడు. ఈ మందు ఒంట్లో ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మాన్ని మామూలుకన్నా తొందరగా కాలుస్తాయి. కొందరికి గోళ్ళు కూడా కిందనుంచి లేస్తాయి. నల్లటి ఒళ్ళు గనక మనకేం కాదనే ధీమా ఇక్కడ పనికిరాదు. పరుగు తెల్లవారకముందే ముగించడం, పొడుగు చేతుల చొక్కా, టోపీ, సన్‌స్క్రీన్. ఇవి కుదరవంటే మొటిమలకు వేరే దారి చూడాలి, ఈవెంట్లు మానమని చెప్పలేం కదా.

మొటిమలవాళ్ళకు ఇంకో ప్రమాదం. ఒక డాక్టరు రాసిన డాక్సీ నడుస్తుండగానే, ఇంకో డాక్టరు దగ్గరికి పోయి ఐసోట్రెటినోయిన్ తెచ్చుకుంటారు. రెండూ కలిస్తే తలలో ఒత్తిడి పెరగవచ్చు. తలనొప్పి, వాంతులు, బోర్డు మీద అక్షరాలు రెండుగా కనబడటం. ఇట్లా వచ్చిన పరిశోధక విద్యార్థిని ఒకరిని నేరుగా కళ్ళ డాక్టరు దగ్గరికి పంపాను. కంటి నరం వాచి ఉంది. రెండు మందులూ ఆపాక చూపు నిలబడింది. పట్టించుకోకపోతే శాశ్వతంగా పోగలదు. డాక్సీ ఒక్కటే వాడేవాళ్ళలోనూ అరుదుగా ఇది వస్తుంది.

గర్భం నిలిచి ఉండవచ్చనే అనుమానం ఉంటే ముందు చెప్పాలి, మేం అడగాలి. మూడు నెలలు దాటాక కడుపులో బిడ్డ పళ్ళలో, ఎముకల్లో టెట్రాసైక్లిన్లు చేరతాయి. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు ఇవ్వరాదనే నియమం పళ్ళకు పసుపు మరకలు పడతాయనే పుట్టింది. అది ముఖ్యంగా పాత టెట్రాసైక్లిన్ చేసిన పని. స్క్రబ్ టైఫస్ లాంటి ప్రాణాంతక జ్వరంలో చిన్నపిల్లలకూ కొద్దిరోజుల డాక్సీ ఇవ్వవచ్చనేది ఇవాళ్టి వైద్యం మాట. ఆడపిల్లలు చెప్పుకోవడానికి సంకోచించేది ఇంకోటుంది: కోర్సు మధ్యలో దురద, తెల్లబట్ట. అది మందు వల్ల వచ్చిన ఫంగస్, తేలికగా తగ్గుతుంది. సిగ్గుపడి దాచుకోవద్దు.

కరోనా రోజుల్లో డాక్సీ, ఐవర్‌మెక్టిన్ జంటగా ఇళ్ళల్లోకి వచ్చాయి. కరోనాకు డాక్సీ పనిచేయదని బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరిశోధన 2021లోనే తేల్చేసింది. అయినా మిగిలిన స్ట్రిప్పులు బీరువాల్లోనే ఉండిపోయాయి. జలుబు చేస్తే రూమ్మేట్‌కు రెండు తుంచి ఇచ్చేది వాటిలోంచే. జలుబు వైరస్‌ది, డాక్సీతో దానికి సంబంధం లేదు. గడువు దాటిన టెట్రాసైక్లిన్ మింగి మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులు 1960లలో వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అప్పటి తయారీ వేరే కావచ్చు కానీ, పాత స్ట్రిప్పు చెత్తబుట్టకే పోవాలి. స్ట్రిప్పు వెనక ఎర్రగీత ఉన్నది డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని. మెడికల్ షాపు కౌంటరు దగ్గర ఆ గీతను చూసేవాళ్ళు తక్కువ.

చివరికి అందరూ గొంతు తగ్గించి అడిగేది, “బీరు తాగొచ్చా సార్?” అని. ఒకసారి తాగితే డాక్సీతో కొంప మునగదు. రోజూ తాగేవాళ్ళలో లివర్ ఈ మందును తొందరగా ఖర్చు చేసేస్తుంది, మోతాదు చాలకుండా పోతుంది. ఫిట్స్‌కు ఫెనిటాయిన్, కార్బమజెపీన్ వాడేవాళ్ళలోనూ ఇదే జరుగుతుంది. వాళ్ళెవరూ బీరు గురించి అడిగినట్టు ఫిట్స్ మాత్రల గురించి తమంతట తాము చెప్పరు. హాస్టల్లో తెలిస్తే పరువు పోతుందని భయం. అందుకే తలుపు దగ్గరికి వేసి ఆ ప్రశ్న నేనే అడుగుతాను.