వెనకాల ఏముంది?

వేటకు రైఫిల్ కొంటున్నానంటే హైదరాబాద్ దోస్తులు అడిగే మొదటి ప్రశ్న "ఎంతైంది?", రెండోది "ఏ కంపెనీ?". ఆ రెండూ చివర్లో తేలే విషయాలు. అమెరికాలో నాలాంటివాడికి మొదటి ప్రశ్న వీసా. హెచ్1బి మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు. అంటే రైఫిల్ కన్నా ముందు కాగితం. నేనుండే విస్కాన్సిన్‌లో ఆ కాగితం కన్నా ముందు ఒక క్లాసు. 1973 జనవరి 1 నుంచి పుట్టినవాళ్లు సాధారణంగా హంటర్ సేఫ్టీ కోర్సు పాసవ్వాలి.

పెద్ద తూటా అయితే పెద్ద వేటగాడు అనుకోవడం కొత్తవాళ్ల సరదా. భుజం అదిరే రైఫిల్ కొంటే ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుపోతాయి, గురి పోతుంది. తెల్లతోక జింకకు .308 విన్చెస్టర్ బోల్ట్ యాక్షన్ సరిపోతుంది. తూటా తూటాకీ చేత్తో బోల్టు లాగాలి. ఆ ఆలస్యమే నాకు నచ్చింది. దుకాణంలో కళ్లు మూసుకుని రైఫిల్‌ను భుజానికి ఆనించి, అప్పుడు కళ్లు తెరవండి. మెడ వంచకుండానే స్కోప్ నిండా కనబడిందా, అది మీ కొలత.

స్కోప్ బిగించాక గురి కుదర్చాలి. నా స్కోప్‌లో 100 గజాల దగ్గర నాలుగు క్లిక్కులు తిప్పితే తూటా ఒక అంగుళం జరుగుతుంది. దానికి ఓపిక, తూటాలు రెండూ ఖర్చవుతాయి.

నవంబర్ చలిలోంచి వెచ్చటి గదిలోకి రాగానే ఇనుముకు చెమట పడుతుంది. అందుకే తూటాలు తీసేసిన రైఫిల్‌ను సంచిలోనే ఉంచి, మెల్లగా వెచ్చబడనిచ్చి, అప్పుడు తుడుస్తాను. గొట్టాన్ని వెనకనుంచి ముందుకే శుభ్రం చేయాలి. నూనె పల్చగా రాయాలి, ఎక్కువైతే చలికి బిగుసుకుంటుంది. ఇక ఒంటి మీద ఆరెంజ్ జాకెట్, చెట్టెక్కితే హార్నెస్. జింకను కొడితే మర్నాడు సాయంత్రం 5 లోపు రిజిస్టర్ చేయాలి.

ఇన్ని కొన్నాక కూడా క్లాసులో చెప్పిన ఒక్క మాటే అన్నిటికన్నా బరువు: నీ గురి ఏమిటో, దాని వెనకాల ఏముందో తెలిశాకే కాల్చు. రైఫిల్ తూటా రెండు మైళ్లు దాటి పోగలదు. జింక కనబడింది, దాని వెనకాల మట్టిగట్టు కనబడలేదు, కాబట్టి కాల్చలేదు. నా మొదటి సీజన్ తొమ్మిది రోజులూ దాదాపు అలాగే గడిచాయి.

బాపు ఫోన్లో నవ్విండు. "గంత దూరం పోయి, గన్ని పైసలు పెట్టి, కొట్టకుండ వచ్చినవా?"

మాది భూపాలపల్లి దగ్గర చెల్పూర్. కాకతీయ థర్మల్ ప్లాంటు ఉన్న ఊరు, 500 మెగావాట్లదొకటి, 600ది ఇంకొకటి. కరెంటు పుట్టే చోటు. 1972 చట్టం తర్వాత మన దగ్గర వేట నేరం. కానీ అడవి అంచు చేన్లల్లో వేట ఆగలేదు, కనబడకుండా పోయింది. పందుల కోసం రాత్రిపూట కరెంటు వైరు పరుస్తారు. కొందరు మాంసం కోసం, కొందరు ఒక్క రాత్రిలో మక్కచేను పోగొట్టుకున్న కడుపుమంటతో. ఆ రెండో వాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు. కానీ వైరుకు గురి లేదు. పందా, పులా, మనిషా తెలియదు. పెట్టినోడు ఇంట్ల పండుకుంటడు. 2024 ఫిబ్రవరిలో మా జిల్లాలోనే, కాటారం వైపు అడవిలో కూంబింగ్‌కు వెళ్లిన గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ఒకరు అట్లాంటి వైరు తగిలే చనిపోయారు.

బాపు వైరు పెట్టడు. మక్క కంకి పట్టినప్పుడు టార్చిలైటు పట్టుకుని రాత్రంతా చేను కాడ తిరుగుతడు. దారిలో ఎవరి చేన్లో ఏముందో ఆయనకు తెలియదు. ఆరెంజ్ జాకెట్ ఒకటి పంపుదామనుకున్నా. వైరుకు రంగులు కనబడవు కదా.

"రాత్రి పోకు బాపూ" అంటే, "మరి పందులు పగటిపూట వస్తయా బిడ్డా?" అంటడు.