గడప దగ్గర ఒక్క నిమిషం

ఈవేళ మా మావయ్య నడక గురించి చెప్తాను. ఆయనది కోనసీమ. అరవై దాటాక కూడా తెల్లారకుండానే లేచి, కాలవగట్టమ్మట నడిచి, కొబ్బరితోట చూసుకుని గానీ కాఫీ తాగేవారు కాదు.

ముందు వాసన పోయిందండి. ఇంట్లో పులస పులుసు ఉడుకుతుంటే వీధంతా తెలిసేది, ఆయనకి తెలిసేది కాదు. జలుబనుకున్నాం. కొన్నాళ్లకి నడిచేటప్పుడు కుడిచెయ్యి ఊగడం మానేసింది. భుజం పట్టేసిందనుకున్నాం. తోట లెక్కల పుస్తకంలో అక్షరాలు చీమలంత అయిపోయాయి. కళ్లజోడు మార్పించాం. మొహంలో నవ్వు తగ్గితే, మా మీద కోపమేమోనని అత్తయ్య ఎంత బాధపడిందో! చెయ్యి వణకడం మొదలెట్టాక గానీ న్యూరో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదు. ఇవన్నీ ఒక్క జబ్బు గుర్తులేనని ఆ డాక్టరు చెప్పాకే తెలిసింది. పార్కిన్సన్స్.

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ వణుకుడు జబ్బు మీద చిన్న పుస్తకం రాశాడు. ఆయన పేరే దీనికి నిలిచింది. మన ఆయుర్వేదం కంపవాతం అంటుంది. మెదడు లోపల నల్లటి చిన్న భాగం ఒకటుంది. అక్కడి కణాలు డోపమైన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. ఆ కణాలు నశించేకొద్దీ, మనం తలవకుండానే జరిగిపోయే పనులన్నీ కుంటుపడతాయి. నడక, చేతుల ఊపు, నవ్వు, గొంతు. కాళ్లలో బలం ఉంటుందండి. పోయేది నడక తనంతట తాను సాగిపోయే గుణం. ఈ సంగతి మాకు మొదట్లోనే తెలిసుంటే ఎన్ని తప్పులు చేసేవాళ్లం కాదో!

మావయ్య సావిట్లోంచి వంటింట్లోకి వస్తూ గడప దగ్గర ఆగిపోయేవారు. పాదాలు నేలకి మేకులు కొట్టినట్టు అయిపోయేవి. ఈ జబ్బులో గుమ్మాలు, ఇరుకు దారులు, వెనక్కి తిరిగే మలుపులు, వీటి దగ్గరే కాళ్లు ఎక్కువగా అతుక్కుపోతాయట. మేమేమో 'రండి మావయ్యా, రండి' అంటూ చెయ్యి పట్టి లాగేవాళ్లం. ఒళ్లు ముందుకొచ్చేది, కాళ్లు వచ్చేవి కావు. అలా ఒకసారి బోర్లా పడ్డారు. ఆ భయంతో కాఫీ, పేపరు, కంచం అన్నీ ఆయన పడక్కుర్చీ దగ్గరికే చేర్చాం. ఆయన చెయ్యి చాపకుండానే చెంబు అందించాం. గోదావరి వాళ్ల మర్యాద మీకు తెలియనిది కాదు కదా. మనిషిని కదలనివ్వం. కొన్ని నెలలకి ఆ పడక్కుర్చీలోంచి లేవడమే రాకుండా పోయింది. జబ్బు తీసుకెళ్లిన దానికంటే మా ప్రేమ ఎక్కువ తీసుకెళ్లిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

దారి చూపించింది ఫిజియోథెరపీ చేసే ఒక అమ్మాయి. ముందు పడక్కుర్చీ తీయించేసి, ఎత్తుగా, చేతులున్న గట్టి కుర్చీ వేయించింది. కుర్చీ అంచుకి జరగాలి, పాదాలు వెనక్కి పెట్టుకోవాలి, తల ముందుకు వంచి లేవాలి. తరవాత గడప దగ్గరికి తీసుకెళ్లింది. 'తాతగారూ, గుమ్మం చూడకండి. మామ్మగారు పసుపు రాసిన గడపని చూసి, దాన్ని దాటండి చాలు' అంది. దాటారండీ! సాఫుగా ఉన్న నేల మీద కదలని పాదం, దాటడానికి ఒక గీత కనబడితే లేచింది. కళ్లు దారి చూపిస్తే మెదడు ఇంకో తోవలో కాళ్లని నడిపిస్తుందట. గడప దగ్గర ఆగిపోయే మనిషి అరుగు మెట్లు అంత తేలిగ్గా ఎలా ఎక్కేవారో అప్పుడు అర్థమైంది. ఇంట్లో నేల మీద అడుగడుగుకీ అడ్డంగా రంగు టేపు అంటించాం. ముగ్గుపిండితో అయితే జారతారని భయం.

చెవి కూడా కాళ్లని నడిపిస్తుంది. తాళం వేస్తే అడుగు పడుతుంది. అత్తయ్య భజన చిడతలు తీసి వాయించేది, ఆ దరువుకి మావయ్య మడమ ముందు ఆన్చి పెద్ద పెద్ద అడుగులు వేసేవారు. ఒకే చోట గిరుక్కున తిరగకుండా బండి మలుపులా వెడల్పుగా తిరగడం నేర్చుకున్నారు. నడిచేటప్పుడు మాట్లాడకూడదన్న నియమం మాత్రం కష్టమైంది. మనకి కబుర్లు లేకుండా అడుగు పడదు కదా! కానీ నడకకే ధ్యాసంతా కావలసిన మనిషికి పక్కనుంచి ప్రశ్న వేస్తే పడిపోవచ్చు. మాట్లాడాలంటే ఆగి మాట్లాడాలి.

మీకింకో వింత చెప్పాలి. 2010లో నెదర్లాండ్స్ వైద్యులు 58 ఏళ్ల మనిషి సంగతి ఒకటి ప్రచురించారు. పదేళ్లుగా పార్కిన్సన్స్ ఉన్న ఆయన నాలుగడుగులు వేస్తే పడిపోయేవాడు. సైకిలెక్కిస్తే హాయిగా తొక్కేవాడు, దిగగానే మళ్లీ కాళ్లు బిగుసుకుపోయేవి. అదీ మన కోనసీమలాంటి దేశమే, డెల్టా, కాలవలు, చదును నేల, సైకిళ్లు. అలాగని గట్టు మీదకి సైకిలిచ్చి పంపకండి, పడితే కాలవే. కదలని వ్యాయామ సైకిలు మేలు. డాక్టర్నడిగి మేమదే కొన్నాం.

ఈ జబ్బుకిచ్చే మాత్ర సంగతి కూడా వినండి. లెవోడోపా అనే ఆ మందు మన దూలగొండి గింజల్లో ఉంది. 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు దాన్ని వేరుచేసి చూపించారు. మందుగా అది స్థిరపడింది 1960ల చివర్లో. గింజలున్నాయి కదా అని ఇంట్లో నూరి పెట్టకండి, మోతాదు మనకి అందదు. పప్పు, గుడ్డు, చేప లాంటి వాటిలోని మాంసకృత్తులు ఈ మందు ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. అందుకే భోజనానికి అరగంట ముందు మాత్ర. అది పనిచేసే వేళలోనే నడక, స్నానం. డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం.

మావయ్యకి జబ్బు పోలేదు. ఇది పోయేది కాదు. కానీ పొద్దున్నే వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకుని, అంచు కాళ్లకి పడకుండా పంచె పైకి కట్టి, వీధరుగు దాకా తనే వస్తారు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి పావుగంట పడుతుంది. అత్తయ్య చెయ్యి వేయదు, పక్కన కూర్చుంటుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా గుమ్మంలో ఆగిపోతే దయచేసి లాగకండి, తొందరపెట్టకండి. పక్కన నిలబడి, ఒంటి బరువు ఆ కాలి మీంచి ఈ కాలి మీదకి మార్చుకోమని చెప్పండి. ఒక్క నిమిషం ఆగండి. అడుగు వాళ్లనే వెయ్యనివ్వండి.