పెట్టె, చీటీ, పాయింటర్

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే నాకు 'సి' భాష గుర్తుకొచ్చింది. నవ్వకండి తమ్ముళ్లూ! హుజూరాబాద్‌లో తెలుగు మీడియం చదివి, డిగ్రీలో కంప్యూటర్లు తీసుకున్న నన్ను ఏడిపించింది అదే. 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ తయారుచేసిన ఈ భాషలో పాయింటర్ల పాఠం వచ్చేసరికి నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. క్లాసులో లేచి అడుగుదామంటే ఇంగ్లీషు రాదు.

రాత్రి రూములో సీనియర్ అన్నకు చెప్పుకున్నాను. ఆయన నా ట్రంకు పెట్టె చూపించి, "గిది స్ట్రక్చర్ అనుకో. నెంబరు, పేరు అన్నీ ఒక్కతాన ఉంటయ్. మాలక్ అంటే పెట్టె పెట్టుకునేందుకు జాగ అడుగుడు. జాగ దొరికితే అది యాడున్నదో రాసిన చీటీ నీ చేతికొస్తది. గా చీటీనే పాయింటర్" అన్నాడు.

"జాగ లేకపోతే అన్నా?"

"నల్ వస్తది. అది చూసుకోకుండ పెట్టె తెరువబోతే ఆగమైతవ్."

తెల్లారి హాస్టల్ హాజరు పట్టీనే ప్రోగ్రాంగా మొదలుపెట్టాను. పిల్లలు నడి ఏడాదిలో వస్తారు, పోతారు. ముందే వందమందికని ఎరే కట్టుకుంటే కుదరదు. అందుకే ఒక్కో పెట్టెలో తర్వాతి పెట్టె చీటీ పెట్టే లింక్డ్ లిస్టు. నెంబరుకు 2 బైట్లు, పేరుకు 30, చీటీకి 2. ఆనాటి టర్బో సి స్మాల్ మోడల్‌లో మొత్తం 34. నేనేమో సైజాఫ్‌లో స్ట్రక్చర్‌కు బదులు పాయింటర్ పేరు రాశాను. పెట్టెకు అడగాల్సిన జాగ చీటీకి అడిగినట్టు, 2 బైట్లే! తప్పు దొరకడానికి రెండు ల్యాబులు పట్టింది. ఒక్కో కంప్యూటర్‌కు ముగ్గురం మరి.

ఆ ఏడే నా పక్క మంచం తమ్ముడు చదువు మానేసి భివండి మరమగ్గాల పనికి పోయాడు. పట్టీలోంచి అతని పేరు తీసేయాలి. ముందు పెట్టెలోని చీటీని తర్వాతి పెట్టెకు కలిపి, ఆ తర్వాతే ఫ్రీ చేయాలి. నేను ముందే ఫ్రీ చేసి, ఖాళీ చేసిన ఆ పెట్టెలోనే తర్వాతి చిరునామా వెతికాను. అతని తర్వాతి పేర్లన్నీ పిచ్చి అక్షరాలయ్యాయి. రెండు లైన్లు అటూ ఇటూ మారిస్తే సరిపోయింది.

ప్రాక్టికల్స్‌లో అదే ప్రశ్న వచ్చింది, గట్టెక్కాను. నా ఫ్లాపీలోని పట్టీలో మాత్రం అతని పేరు తీయలేదు. మంచం కింద అతని పెట్టె కూడా దసరా దాకా అట్లనే ఉండె. వాళ్ల నాయిన వచ్చి భుజం మీద పెట్టుకొని తీసుకుపోయిండు.