మ్యూట్ తీస్తేనే మాట

కాలిఫోర్నియాలో శనివారం సాయంత్రం 7 గంటలంటే, వేసవిలో మనకు ఆదివారం పొద్దున్న 7.30. చలికాలంలో 8.30. బెజవాడలో కూర్చుని అక్కడి పిల్లలకు తెలుగు మాట్లాడటం నేర్పేవాళ్లకు ఈ లెక్క కంఠతా ఉంటుంది. ప్రవాసుల పిల్లల కోసం సిలికానాంధ్ర మనబడి మొదలైంది 2007లో. అప్పట్లో వారాంతపు తెలుగు తరగతి అంటే ఒక గది, ఓ గుంపు పిల్లలు. 2020లో కోవిడ్ వచ్చి ఇలాంటి తరగతుల్ని తెర మీదికి ఎక్కించింది.

చదవడం, రాయడం తెర మీద బాగానే సాగుతాయి. చిక్కంతా మాట దగ్గరే. మన బడుల్లో పాత పద్ధతి అందరిచేతా గొంతు కలిపి పలికించడం. సిగ్గరి పిల్లలు ఆ గోలలో దాక్కునే నోరు తిప్పుకుంటారు. నెట్‌లో ఒక్కో ఇంటి గొంతు ఒక్కో ఆలస్యంతో చేరుతుంది కాబట్టి అలా గొంతు కలపడం కుదరదు. అందరినీ మ్యూట్‌లో పెట్టి, ఒక్కొక్కరినీ పిలుస్తాం. పదిమందికి నలభై నిమిషాలంటే తలా నాలుగు, అందులో టీచరు మాటలు పోగా ఇంకెంత? మాట నేర్పే తరగతిలో పిల్లలు అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం నాకు మింగుడుపడదు.

ఇంగ్లీషు మధ్య పెరిగిన చాలామందికి త, ట తేడా ముందు చెవికే ఆనదు. నాలుక పళ్లను తాకాలా, పైకి మడవాలా అన్నది కెమెరా దగ్గరికి జరిగి చూపిస్తాను. 'తాత', 'టాటా' పక్కపక్కన పలికిస్తాను.

చెవిని తయారుచేయడంలో ఈ ఊరికి చరిత్ర ఉంది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ రేడియోలో ఉషశ్రీ గొంతులో రామాయణం విని పెరిగిన తరం ఇప్పటికీ కృష్ణ ఒడ్డున ఉంది. కానీ రేడియోకి ఎదురు ప్రశ్న వేయలేం. మ్యూట్‌లో ఉన్న పిల్లవాడి పరిస్థితీ అదే.

అందుకే తరగతిని నలుగురికి కుదించి, వాళ్ల తాతయ్యల్ని, అమ్మమ్మల్ని పాఠంలోకి పిలవడం మొదలుపెట్టాను. పిల్లలకు నేనిచ్చే పని ఒకటే: మీకు తెలియనిది అడిగి తెలుసుకోండి. ఒకమ్మాయి దివిసీమలో ఉన్న తాతగారిని, "తాతయ్యా, కాలవకి నీళ్లు వచ్చిందా?" అని అడిగింది. ఆయన తప్పు దిద్దలేదు. "వచ్చాయి తల్లీ, ప్రకాశం బ్యారేజీ నుంచి వదిలారు. ఇంక నాట్లే," అన్నారు. "నాట్లు అంటే?" ఆ ప్రశ్న నేను నేర్పింది కాదు. ఆయన నారుమడి దగ్గర్నుంచి ఎత్తుకున్నారు. మిగతా ముగ్గురూ మైకులు తెరిచి ఒకరి మీద ఒకరు పడి అడుగుతుంటే మాటలు తెగిపోయాయి, మళ్లీ అడిగారు. నేను సిద్ధం చేసుకున్న పాఠం ఆ రోజు మొదలే కాలేదు. కాసేపటికి ఆ అమ్మాయే, "నీళ్లు వచ్చాయి కదా, మరి చేపలు కూడా వచ్చాయా?" అంది. 'వచ్చిందా' తప్పని ఆమెకు ఎవరూ చెప్పలేదు.