అజెండాలో మన వీధి

మునిసిపల్ కౌన్సిల్ అజెండా కాగితాలు ఎక్కడ కంటబడినా వదలకుండా చదివే జబ్బు నాకుంది. డిటెక్టివ్ నవలలు చదివేవాళ్లను చూసి ఎవరూ నవ్వరు గానీ నన్ను చూసి ఇంట్లోవాళ్లు నవ్వుతారు. ఏముంటుంది అందులో అంటారు. ఏముండదూ! ఫలానా వీధిలో ఫలానావారి ఇంటి దగ్గర్నుంచి ఫలానావారి ఇంటి వరకు సీసీ కాలువ కట్టడానికి అంచనాల ఆమోదం. పంపుహౌసులో మోటారు కాలిపోతే అర్జెంటుగా వైండింగు చేయించిన ఖర్చుకు ఆమోదం. ఎండాకాలానికి ట్యాంకర్ల అద్దె. బ్లీచింగు, సున్నం, దోమల మందు. మార్కెట్లో షాపుల లీజు. ఔట్‌సోర్సింగు వాళ్లకు ఇంకో ఏడాది పొడిగింపు. ప్రతి అంశం చివరా 'కౌన్సిల్ వారి ఆమోదము కొరకు' అన్న ఒకే ఒక్క పల్లవి.

'ఫలానావారి ఇంటి వరకు' అన్నచోట నేను కాసేపు ఆగుతాను. ఆయన ఉన్నాడో లేడో, ఇల్లు అమ్ముకుని పిల్లల దగ్గరికి విశాఖపట్నమో హైదరాబాదో వెళ్లిపోయాడో తెలీదు. రికార్డులో మాత్రం కాలువ ఇప్పటికీ ఆయన గుమ్మం ముందే ఆగుతుంది. ఆపైన వీధి లేదా అంటే, ఉంది. అంచనాలో డబ్బు అక్కడితో అయిపోయింది, అంతే. అవతలికి నీరు ఎలా పోవాలన్నది వచ్చే అజెండా సంగతి.

విజయనగరం లాంటి ఊరికి ఈ కాగితాలు ఇంకాస్త ముఖ్యం అని నా అభిప్రాయం. ఇది రాజుల ఊరు. కోట, పెద్దచెరువు, అయ్యకోనేరు, సంగీత కళాశాల, మహారాజా కళాశాల... ఏ మూలకు వెళ్లినా 'రాజావారు కట్టించారు' అనే మాటే వినిపిస్తుంది. 1888లో మునిసిపాలిటీ అయింది. కార్పొరేషన్ హోదా 2015లో వచ్చినా, మేయరు కుర్చీలో మనిషి కూర్చునేసరికి 2021 మార్చి అయింది. 2011 లెక్కల ప్రకారం జనాభా సుమారు 2.28 లక్షలు. కార్పొరేషన్లో డివిజన్లు 50. ఇప్పటికీ ఇంటి పన్ను కట్టడానికి బయల్దేరినవాణ్ణి ఎక్కడికని అడిగితే 'మున్సిపాలిటీకి' అనే అంటాడు.

ఈ ఊరి అజెండాలన్నిటికీ నాయకుడు నీళ్లు. చంపావతి మీద నెల్లిమర్ల, రామతీర్థం పథకాలు, గోస్తని మీద ముషిడిపల్లి పథకం. రెండూ కొండల్లో పుట్టి నాలుగడుగులు నడిచి సముద్రంలో కలిసిపోయే చిన్న నదులు. ఏటి ఇసుకలో దించిన ఊటబావుల్లోంచి నీరు తోడి ఊరికి పంపుతారు. ఇసుక ఉన్నంతసేపే ఊట. ఇసుకంతా లారీలెక్కిపోతే వానాకాలంలో వచ్చిన నీటిని వేసవి దాకా పట్టి ఉంచేది ఏమీ మిగలదు. అందుకే ఎండాకాలం సమావేశాల్లో నీళ్ల మీద మొదలైన చర్చ చాలాసార్లు ఇసుక దగ్గర తేలుతుంది.

అక్కణ్ణుంచి వీధిలోకి వచ్చేసరికి ఆ పథకాలన్నీ ఒక ఇనప గెడ చివరికి చేరతాయి. తెల్లవారుజామున ఒక మనిషి సైకిలు మీద వస్తాడు. రోడ్డు వారగా ఉన్న చిన్న మూత తీస్తాడు. గుంటలో నిండా మట్టీ, ఆకులూ, ఎవరో పారేసిన పాల ప్యాకెట్టూ. వాటిని కాలితోనే ఓ పక్కకు తోసి, పైన అడ్డకర్ర లాంటి పిడి ఉన్న ఆ గెడను వాల్వు మీద కూర్చోబెట్టి, రెండు చేతులా పట్టుకుని తిప్పడం మొదలుపెడతాడు. ఎన్ని చుట్లు తిప్పితే మెరకనున్న ఇళ్లకు ఎక్కుతుందో, ఎన్ని తిప్పితే పల్లంలో పైపు జాయింటు ఊడుతుందో ఆ చేతులకు తెలుసు. ముందు కుళాయిలోంచి గాలి బుసకొడుతుంది. తర్వాత ఎర్రటి నీళ్లు నాలుగు చెంబులు. ఆ తర్వాత వీధి ఆ చివర్నుంచి కేక: 'ఓలమ్మా, నీలొగ్గీసేరే!' బిందెలు, బక్కెట్లు, డ్రమ్ములు ఒక్కసారిగా లేస్తాయి. ఆ వాల్వు మనిషికి కౌన్సిల్ హాల్లో కుర్చీ ఉండదు. కానీ మేయరు పేరు తెలియని ఇల్లాలికి కూడా ఆయన వచ్చే వేళ తెలుసు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక పాత సంగతి. 1860ల చివర్లో ఈ ఊరి మహారాజు విజయరామ గజపతి లండన్ నగరంలో హైడ్ పార్కుకు ఒక మంచినీటి ఫౌంటెను బహూకరించారు. అప్పట్లో లండన్‌లో కలుషిత నీటి వల్ల కలరా చెలరేగుతుంటే, అక్కడక్కడా మంచినీటి ఫౌంటెన్లు పెట్టించే సంఘమొకటి పనిచేసేది. వాళ్ల పనికి విజయనగరం సొమ్ము కూడా తోడైంది. మార్బుల్ ఆర్చి దగ్గర రాతి శిఖరాలతో గుడిలా నిలబడి దాదాపు వందేళ్లు దాహం తీర్చింది. 1964లో దాన్ని తీసేశారు. లండన్ జనం ఆ నీళ్లు తాగుతూ ఈ ఊరి పేరు ఎలా పలికి ఉంటారో గానీ, ఆ ఫౌంటెనుకు అయిన ఖర్చు గురించి ఇక్కడి రైతు ఒక్కడు కూడా అడిగి ఉండడు. అడిగే తావేదీ? శిస్తు కట్టేది ఇక్కడ, ఫౌంటెను వెలిసేది అక్కడ. మధ్యలో అజెండా అనేదే లేదు. రాజావారి మీద నాకు చిన్నచూపు లేదు. ఆ వంశం పెట్టిన చదువు తిన్నవాళ్లం. కానీ ఇచ్చేవాడి చేతికింద చెయ్యిపెట్టినవాడు లెక్క అడగలేడు. పన్ను కట్టినవాడు అడగగలడు, అడగాలి కూడా.

పన్ను గురించి చెప్పాలంటే మన మునిసిపల్ సంసారం మొత్తం అందులోనే ఉంది. ఏప్రిల్ 30లోగా ఏడాది ఇంటి పన్నంతా ఒకేసారి కట్టేస్తే 5 శాతం తగ్గింపు. ఆ అయిదు శాతం కోసం చివరి రోజు కౌంటరు దగ్గర నిలబడే జనాన్ని చూడాలి. రిటైరైన మాస్టార్లు, పాత రశీదులన్నీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెచ్చుకున్న పెద్దమ్మలు. కవర్లోంచి రశీదులు వరసగా బయటికి తీసి, 'ఇదిగో బావూ, ఇది మా అత్తగారి పేరు మీదుంది, ఆవిడ పోయి పదేళ్లయింది, పేరు ఎప్పుడు మారుత్తారు?' అని అడుగుతారు. లోపలున్న కుర్రాడు కంప్యూటరు వంక చూసి 'సచివాలయంలో అడగండమ్మా' అంటాడు. రాష్ట్రంలో ఏ ఊరి కౌంటరైనా ఇదే కథ.

2021లో పన్ను లెక్కే మారిపోయింది. అంతకుముందు ఇంటికి వచ్చే అద్దె విలువ మీద పన్ను. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ లెక్కలోని ఆస్తి విలువ మీద. ఒకేసారి నెత్తిన పడకుండా ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని పరిమితి పెట్టారు. పదిహేనే కదా అనిపిస్తుంది. పదిహేను మీద పదిహేను, దాని మీద పదిహేను అయ్యేసరికి అయిదేళ్లలో పన్ను రెట్టింపవుతుందని ఆ మాస్టార్లు పేపరు అంచు మీద లెక్క కట్టి చూపిస్తారు. అదే ఏడాది చెత్త పన్ను కూడా వచ్చింది. ఇంటికి నెలకింతని వసూలు. వీధి చివర చెత్తబండి వాడికీ, గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలికీ మధ్య మూడేళ్ల పాటు రోజూ ఒక చిన్న శాసనోల్లంఘన ఉద్యమం నడిచింది. చివరికి 2024లో ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. చెత్తకు పన్నేమిటన్న కోపంలో న్యాయం లేకపోలేదు. కానీ బండికి డీజిలు ఎక్కణ్ణుంచి వస్తుందన్న ప్రశ్నకు ఆ గుమ్మంలో ఎవరూ జవాబు చెప్పలేదు. 2023 డిసెంబరు చివర రాష్ట్రమంతటా పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకు దిగినప్పుడు, వీధి మలుపుల్లో పేరుకున్న కుప్పలే ఆ ఖరీదేమిటో వాసనతో సహా చెప్పాయి. ఈ ప్రాంతంలో తరతరాలుగా ఆ పని ఒకటి రెండు కులాల చేతుల్లోనే ఉండిపోయిందన్న సంగతి మాత్రం ఏ అజెండాలోనూ అంశం కాలేదు.

పండగ పూట తప్ప మునిసిపాలిటీని మెచ్చుకోకూడదని మనకో పట్టింపు. ఆ పండగ పైడితల్లమ్మది. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమాను. యాభై, అరవై అడుగుల చింతమాను చివర పూజారి కూర్చుని, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు ఊరేగుతాడు. అంత ఎత్తున మనిషిని కూర్చోబెట్టాక కింద రోడ్డు మీద గుంట ఉంటే కుదరదు. వైర్లు వేలాడకూడదు. అందుకని ఏడాదంతా ఎన్ని అర్జీలు పెట్టినా పూడని గుంటలు ఆ దారిలో ముందురోజు తొలేళ్ల నాటికి పూడిపోతాయి. కాలువలు శుభ్రం, దీపాలన్నీ వెలుగు. సిరిమాను ఏటా ఓసారి దారి మార్చుకుని తమ వీధిలోంచి తిరగాలని దాసన్నపేటలోనో తోటపాలెంలోనో ఎవరైనా మొక్కుకుంటే తప్పు పట్టలేం.

ఆ గుడికి కూతవేటు దూరంలోనే మూడు లాంతర్లు. విద్యుత్తు లేని రోజుల్లో బాటసారులకు వెలుగు చూపిన లాంతర్లని ఊళ్లో పెద్దలు చెబుతారు. ఆ తర్వాత కూడలి పేరే అదైపోయింది. 2020 మే నెలలో, లాక్‌డౌన్లో ఊరంతా తలుపులు వేసుకున్న వేళ ఆ పాత కట్టడాన్ని కూల్చేశారు. శిథిలమైందనీ, కూడలిని కొత్తగా తీర్చిదిద్దుతామనీ అధికారుల మాట. రాజవంశీకుడు అశోక్ గజపతిరాజు మొదలు మామూలు జనం దాకా గగ్గోలు పెట్టారు. పార్టీలు ఒకదాన్నొకటి తిట్టుకున్నాయి. అందరూ వారసత్వం గురించి మాట్లాడారు గానీ నాకు తట్టింది వేరే. ఆ రోజున ఊరికి కౌన్సిలే లేదు. 2014లో ఎన్నికైన వాళ్ల గడువు 2019 జులైలో ముగిసింది. 2020 మార్చిలో నామినేషన్ల దాకా వచ్చిన ఎన్నికలు కరోనా వల్ల ఆగిపోయాయి. మళ్లీ పోలింగు జరిగింది 2021 మార్చి 10న. మధ్యలో ఇరవై నెలలు ప్రత్యేకాధికారి పాలన.

కౌన్సిల్ ఉంటే లాంతర్లు నిలిచేవా? నమ్మకంగా చెప్పలేను. కౌన్సిళ్లు కూల్చినవీ బోలెడున్నాయి. కానీ ఒక కాగితం మీద 'మూడు లాంతర్ల కూడలిలోని పాత కట్టడము తొలగించి' అని అచ్చయ్యేది. ఒక సభ్యుడైనా ఆ లైను దగ్గర ఆగేవాడు. పొరపాటున నిద్రలోంచి లేచైనా 'ఏటండీ ఇది, ఎవుర్నడిగి?' అనేవాడు. వాయిదా పడేది. పేపర్లో జిల్లా పేజీలో వచ్చేది. అప్పుడు ఊరు తగాదా పడేది, జేసీబీ రాకముందు. ఇప్పుడేమో జేసీబీ వచ్చి వెళ్లాక తగాదా పడ్డాం. అధికారులు పనిమంతులు కాదని కాదు. ఆ రోజుల్లోనే ఈ జిల్లాకు కలెక్టరుగా ఉన్న హరి జవహర్‌లాల్ తానే చెరువుల్లోకి దిగి చెత్త తీసి, మొక్కలు నాటించి జనం మెప్పు పొందారు. మంచి అధికారి దొరికితే ఊరి అదృష్టమే. అయితే అదృష్టం బదిలీ మీద వెళ్లిపోతుంది.

అందుకే కౌన్సిల్ హాల్లో గోలను చూసి విసుక్కునేవాళ్లతో నేను కలవను. గిరీశాన్ని ఈ ఊరి బొంకులదిబ్బ మీద నిలబెట్టి 'కన్యాశుల్కం' నాటకం మొదలుపెట్టాడు గురజాడ. మాటకారులకు ఈ ఊళ్లో ఎప్పుడూ కరువు లేదు. 2021లో 50 డివిజన్లలో 48 ఒకే పార్టీ గెలుచుకుంది. తొలి మేయరు వెంపడాపు విజయలక్ష్మి. ఎదుటి బెంచీలు అలా ఖాళీ అయితే ఇక చర్చేముంటుందని అనుకుంటాం. కానీ కాలువకు పార్టీ తెలీదు. వీధిలో మురుగు నిలిస్తే తిట్లు తినేది ఆ డివిజను కార్పొరేటరే, ఏ రంగు కండువా వేసుకున్నా. కాబట్టి అధికార పక్షం కుర్చీల్లోంచే ప్రశ్న లేవాలి, ఇంకెక్కణ్ణుంచి లేస్తుంది? సీట్లలో సగం ఆడవాళ్లవి. వాళ్ల తరఫున ఫోన్లు మాట్లాడే భర్తలు చాలా ఊళ్లలో వరండాలో కనిపిస్తూనే ఉంటారు. వాళ్లను లోపలికి రానివ్వకుండా తలుపు దగ్గర ఆపే అటెండరే నా దృష్టిలో రాజ్యాంగ పరిరక్షకుడు.

ఇంత చెప్పాక ఎవరైనా అడుగుతారు, ఈ కాగితాలు మాకెలా దొరుకుతాయని. వెబ్‌సైట్లో ఉండాలి. లేకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుము, పేజీకి రెండు రూపాయలు. అజెండా ఒక్కటే అడక్కండి, తీర్మానాల నకలు కూడా అడగండి. అజెండాలో ప్రతిపాదించింది, తీర్మానంలో రాసింది, వీధిలో జరిగింది మూడూ పక్కపక్కన పెట్టుకోవచ్చు. అందులో మీ వీధి పేరు తప్పుగా రాసి ఉంటే కంగారు పడకండి. కాలువ 'ఫలానావారి ఇంటి వరకు' అన్నచోట మాత్రం ఆ ఫలానావారెవరో కనుక్కుని, వీలైతే ఆయన్ను వెంటబెట్టుకుని వార్డు సచివాలయానికి వెళ్లండి. అర్జీ మీద ఆ ఇంటాయన సంతకం కూడా ఉంటే ఇంజనీరుకు స్థలం చూపించడం తేలికవుతుంది.