వేగానికి వేర్లు

వేగాన్ని తెలిపే ఆంగ్లపదాలలో కొన్ని పుట్టుకతో వేగవాచకాలు కావు. పరుగెత్తే రైలు నేడు ‘ఫాస్ట్’. క్షణంలో ఇచ్చే జవాబు ‘క్విక్’. కాని ప్రాచీనాంగ్లంలో ‘ఫాస్ట్’ అంటే స్థిరమైనది. ఎంత ఉతికినా వెలిసిపోని రంగును ‘ఫాస్ట్ కలర్’ అనడంలో ఆ అర్థమే నిలిచి ఉంది. ‘క్విక్’ అంటే ప్రాణమున్నది. జీవమున్నట్లు కదలాడే పాదరసాన్ని అందుకే ‘క్విక్‌సిల్వర్’ అన్నారు. ‘స్పీడ్’ పదానికి నాటి ముఖ్యార్థం కార్యసిద్ధి. ప్రయాణమయ్యేవారికి చెప్పే ‘గాడ్‌స్పీడ్’ అనే శుభాకాంక్షలో ఆ భావం ఇంకా వినిపిస్తుంది.

భౌతికశాస్త్రంలో ‘స్పీడ్’ వడి. దిశతో కూడిన ‘వెలాసిటీ’ వేగం. ఒకదానికి బదులు మరొకటి రాసిన విద్యార్థి ఒక మార్కు కోల్పోతాడు. దిశ లేని వడినే జీవితవేగమని భ్రమించినవాడు కోల్పోయేది అంతకంటె ఎక్కువ. స్థైర్యం, చైతన్యం, సిద్ధి లోపించిన త్వర తొందరపాటే.