వంటలక్కకు వీడ్కోలు

2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలైన ‘కార్తీకదీపం’ సీరియల్ 2023 జనవరిలో ముగిసింది. చివరి భాగం వచ్చిన సాయంత్రం మా కడప వీధిలో చెనక్కాయలు ఒలిచే ఆడవాళ్లు చేటలు పక్కన పెట్టి టీవీ ముందు చేరారు. జొన్నరొట్టెలు కాల్చి అమ్మి పిల్లల్ని చదివించిన పక్కింటి పెద్దమ్మకు అందులోని వంటలక్క దీప అంటే ప్రాణం. నల్లగా ఉందని అత్త ఈసడించినా, మొగుడు డాక్టర్ బాబు అనుమానించినా, నాలుగిళ్లకు వండిపెట్టి కూతుర్ని పెంచుకుంది కదా! డాక్టర్ బాబు పశ్చాత్తాపం కన్నా ఆ కష్టార్జితమే నాకూ గొప్పగా తోచేది. దీపగా నటించిన ప్రేమీ విశ్వనాథ్ మలయాళీ అయితేనేం, పెద్దమ్మకు మన పిల్లే.

‘‘ఇంగ రేపట్నుంచి యాడ సూడాల్రా బిడ్డని?’’ అంది, కొంగుతో కళ్లొత్తుకుంటూ.

2024లో ‘కార్తీకదీపం: ఇది నవ వసంతం’ పేరుతో అదే జంట మళ్లీ వచ్చింది. కథ వేరు. పెద్దమ్మ మాత్రం అందులోనూ పాత దీపనే వెతుక్కుంటోంది.